వెచ్చటి చెమట

మా ఇంట్లో ఒక ఏడాది పాటు చెమటంటే భయం ఉండేది. దొంగలంటే భయపడే ఇళ్లు ఉంటాయి, పాములంటే భయపడే ఇళ్లు ఉంటాయి, మాది చెమటకు భయపడే ఇల్లు. అదీ ఎక్కడ, గుంటూరు జిల్లా నల్లరేగడి మీద, శివరాత్రి దాటీ దాటకముందే ఒళ్లు తడిసిపోయే ఊళ్లో. మా ఆయన నుదుటి మీద ఒక్క చుక్క కనబడితే చాలు, మా అత్తయ్య విసనకర్ర అందుకునేది. కరెంటు ఉన్నంతసేపూ ఫ్యాను తిరిగేది, కరెంటు పోయాక ఆవిడ చెయ్యి తిరిగేది.

కారణం లేకపోలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, మిరప కళ్లంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. కళ్లం అంటే ఊరి బయట చదును చేసిన నేల. కోసిన పండు మిరపకాయలు అక్కడే ఎండబోస్తాం. ఆయన కాయలు తిరగబోస్తూ తిరగబోస్తూ ఉన్నట్టుండి కూర్చుండిపోయారట. నేను ఆ సమయానికి బళ్లో ఉన్నాను. మా ఊరి హైస్కూల్లో బయాలజీ టీచర్ని. కబురు అంది నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేంత తడిసి ఉంది. పెదాలు పాలిపోయాయి. "ఏం లేదు, గుండెల మీద బండ పెట్టినట్టుంది" అన్నారు. ఏం లేకపోతే ఆ బండ ఎక్కడిదని నేను అడగలేదు. అద్దె జీపు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లాం. దారంతా ఆయన చెయ్యి నా ఒళ్లోనే ఉంది. బయట ఎండ మండిపోతుంటే ఆ చెయ్యి మాత్రం కుండలోంచి తీసినట్టు చల్లగా ఉంది.

మా మామగారిని నేను చూడలేదు. నేను కాపురానికి రాకముందే పోయారు. ఒక వేసవిలో పొలం నుంచి వచ్చి, ఒళ్లంతా చెమటలతో అరుగు మీద పడుకుని మళ్లీ లేవలేదు. అప్పటికి మా ఆయనది ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడొచ్చినా మూడు ముక్కల్లో తేల్చేసేవారు. "చెమటలు పట్టి పోయాడు" అనేది అత్తయ్య. అంతకు మించి ఆవిడ నోరు మెదపగా నేను వినలేదు. ఇప్పుడు అదే ఇంట్లో కొడుక్కీ చెమటలు పట్టాయి. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమేనంటారు కదా.

గుంటూరులో మేం చూపించుకున్న గుండె డాక్టరు గారు తక్కువ మాట్లాడే మనిషి. రక్తనాళంలో అడ్డు తొలగించి, చిన్న జల్లెడ గొట్టంలాంటిది అమర్చి ఇంటికి పంపించారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్తే మాత్రలన్నీ కాగితం మీద రాసి, అసలు మందు నోటితో చెప్పారు.

"రోజూ నడవండి. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు."

మా ఆయన జన్మలో పాట పాడి ఎరగరు. మాట కూడా అవసరానికి మించి ఖర్చు పెట్టరు. ఈ కొలబద్ద ఆయనకు ఎలా పనికొస్తుందా అని నాకు ఆసుపత్రి మెట్లు దిగుతున్నప్పుడే అనుమానం వచ్చింది.

ఊళ్లో ఉచిత సలహాలకు కరువుండదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ బత్తాయిలతో పాటు ఒక సలహా కూడా పట్టుకొచ్చారు. "మంచం దిగబాకు." "మెట్లెక్కబాకు." "గట్టిగా నవ్వబాకు, గుండె అదురుద్ది." పక్క వీధి పెద్దాయన ఒకాయన డాక్టరు మాట విని నా మీద జాలిపడ్డాడు. "కాలిరిగిన ఎద్దుని ఎవడన్నా అరక్కి కడతాడా అమ్మా" అన్నాడు. ఆయనకు కాఫీ ఇస్తూ నేను పళ్లు నూరుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతటికీ తెలుసు, అయినా వచ్చినవాళ్లను ఏమీ అనలేం. అత్తయ్య మాత్రం ఆ మాటలన్నీ మూటగట్టుకునేది. "డాక్టరుకేం, చెప్తాడు. కన్నది నేను" అనేది.

మా ఆయన కుర్రతనంలో చెడుగుడు ఆడేవారు. గీత దాటి వెళ్లి కూత ఆపకుండా ముగ్గురిని తాకి వచ్చేవారని, ఊపిరి అంత గట్టిదని, మా పెళ్లిలో ఆయన స్నేహితులు నన్ను ఏడిపించడానికి చెప్పారు. అలాంటి మనిషి వరండాలో నవారు మంచం మీద కూర్చుని, ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు పెట్టుకుని, నాడి వింటూ ఉండేవారు. ఎవరన్నా పలకరిస్తే వేళ్లు తీయకుండానే తలెత్తేవారు. లేచి పెరట్లోకి వెళ్లినా, తిరిగొచ్చాక మళ్లీ అదే పని. నాడి కాస్త గబగబా కొట్టుకుంటే మంచం మీద వెల్లకిలా పడుకునేవారు. ఆ ఏడాది చేను వేరేవాళ్లకు పాలికి, అంటే పంటలో వాటాకి, ఇచ్చేశాం. "ఇంక మళ్లీ మనం చేసేదేముంది, ఏటా ఇట్టాగే ఇచ్చేద్దాం" అని ఒక రోజు గోడ వైపు చూస్తూ అన్నారు. ఆయన బతికారు, అది నిజం. కానీ నాకు కావలసింది ఆయన బతికుండటం ఒక్కటే కాదు, బతికినన్నాళ్లూ ఆయన ఆయనలా ఉండాలి. అలా ఇంకొన్నాళ్లు గడిస్తే ఆ మంచం మీద మిగిలేది ఆయన కాదని నాకు రోజురోజుకీ తెలుస్తూనే ఉంది.

తొలకరి పడ్డాక నడక మొదలుపెట్టించాను. తెల్లవారగానే, సాగర్ కాలవ కట్ట మీద. అత్తయ్య గేటు దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుని, యుద్ధానికి పంపుతున్నట్టు నిలబడేది. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయని ముందు ఉప్మా తినిపించాలని చూసేది. తిన్న వెంటనే నడిస్తే పొట్టకూ కాళ్లకూ రెండింటికీ రక్తం పంచలేక గుండెకే పని పెరుగుతుందని నేను వాదించేదాన్ని. ఇంత రాద్ధాంతం జరిగాక ఆయన మలుపు దాకా వెళ్లి, మెడ మీద తడి తగలగానే వెనక్కి తిరిగేవారు. ఒక రోజు మాత్రం నా పోరు పడలేక, ఎలాగోలా అయిందనిపించుకుందామని గబగబా నడిచి, తూము దగ్గర టక్కున ఆగిపోయారు. ఆగగానే తల తిరిగింది. తూము మీద కూలబడ్డారు. ఇంటికి వచ్చాక అత్తయ్య నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత చాలా రోజులు నడక మాట ఎత్తనివ్వలేదు ఇద్దరూ.

అప్పుడే బళ్లో రక్త ప్రసరణ పాఠం వచ్చింది. ఏటా చెప్పే పాఠమే. నల్లబల్ల మీద ఎర్ర సుద్దతో ధమనులు, నీలం సుద్దతో సిరలు. "పరుగెత్తినప్పుడు ఒళ్లు ఎందుకు వేడెక్కుతుంది?" అని అడిగి, నేనే జవాబు చెప్తున్నాను. కండరం పని చేస్తే వేడి పుడుతుంది. ఆ వేడిని రక్తం మోసుకొచ్చి చర్మం దగ్గర దించుతుంది. అందుకే మొహం ఎర్రబడుతుంది, చేతులు వెచ్చబడతాయి. చెమట పట్టి ఆరిపోతూ ఆ వేడిని పట్టుకుపోతుంది. పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నాలో నేనే తిట్టుకుంటున్నాను. అంతలో నా చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. ఆ రోజు జీపులో ఆయన చెయ్యి వెచ్చగా లేదు. చెమట కారుతోంది, కానీ చెయ్యి చల్లగా ఉంది. గుండె అలిసిపోయినప్పుడు ఒళ్లు ముందు లోపలి అవయవాలను కాపాడుకుంటుంది, చర్మానికి పంపే రక్తాన్ని వెనక్కి లాక్కుంటుంది. అది ఆపదలో పట్టిన చెమట. పని చేస్తే పట్టేది వేరే చెమట. రెండూ చూడ్డానికి ఒకటే, తాకితే వేరు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఈ ముక్క ఇప్పటిదాకా తట్టలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే, చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాను.

"చేలో నీళ్లు పెట్టేటప్పుడు అన్ని మళ్లకీ ఒకేసారి పారిస్తారా?"

"ఎందుకు పారిస్తాం. ఒక మడికి గట్టు తెంచి మడవ తీస్తే ఇంకోదానికి కట్టేస్తాం" అన్నారు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఒళ్లు చేసేది కూడా అదే. కూర్చున్నప్పుడు పొట్టకి ఎక్కువ పారిస్తుంది. నడిస్తే పొట్ట దగ్గర మడవ తగ్గించి కాళ్లకి తీస్తుంది. కాళ్లు వేడెక్కితే ఆ వేడి పోవడానికి చర్మానికి కూడా తీస్తుంది. అప్పుడు చెమట పడుతుంది. చెమట పట్టిందంటే నీళ్లు అందినట్టు."

రైతు బుర్ర కదా, తిన్నగా అసలు చోటికే వచ్చింది.

"కాలవలోనే నీళ్లు తక్కువైతే?"

అంత మంచి ప్రశ్న తరగతిలో కూడా ఎవరూ అడగరు. "తక్కువైతే ముందు చర్మానికి కట్టేస్తుంది, అప్పుడు పట్టే చెమట చల్లగా ఉంటుంది, జీపులో మీ చెయ్యి ఉన్నట్టు. అందుకే మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపాలి. తూము దగ్గర మీరు టక్కున ఆగారు, రక్తం కాళ్లల్లోనే ఉండిపోయింది, తలకి అందలేదు. కాళ్లు కదులుతుంటేనే అది పైకి ఎక్కేది" అన్నాను. ఆయన వేళ్లు మళ్లీ మణికట్టు మీదికి వెళ్లాయి. "మరి చల్లబడిపోతున్నానో వెచ్చబడుతున్నానో నాకెట్టా తెలిసేది? నా చెయ్యి నాకు ఎప్పుడూ ఒకలాగే ఉంటది" అన్నారు.

"నేను పట్టుకుంటాను" అన్నాను.

అన్నంత తేలిక కాదది. మా ఊళ్లో అప్పటికీ భార్యాభర్తలు రోడ్డు మీద వెళ్తుంటే ఆయన నాలుగడుగులు ముందు, ఆవిడ నాలుగడుగులు వెనక. ఆసుపత్రికి వెళ్లినా అంతే, సినిమాకి వెళ్లినా అంతే. ఇంటర్ చదివే కూతురు గుంటూరు హాస్టల్లో ఉండగా, నలభై దాటిన టీచరమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని కాలవ కట్ట మీద నడవడం ఊరికి పెద్ద పండగ. బర్రెలు తోలుకెళ్లేవాళ్లు ఆగి చూశారు. నాకు వరసకు తమ్ముడయ్యే ఒకతను సైకిలు దిగి మరీ అడిగాడు.

"ఏం బావా, అక్కాయి చెయ్యి వదిలితే పారిపోతావా ఏంది?"

ఆయన చెయ్యి గుంజుకోబోయారు. నేను వదల్లేదు. "నాడి చూస్తున్నాను తమ్ముడూ, నీది కూడా చూడమంటావా?" అన్నాను. అతను నవ్వుకుంటూ సైకిలెక్కాడు. మర్నాడు బళ్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నన్ను చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నారు. నేను చూడనట్టే హాజరు తీసుకున్నాను.

మొదట్లో ఎవరన్నా ఎదురైతే ఆయన అరచెయ్యి బిగుసుకునేది. ఎవరూ లేని చోట కూడా మాట్లాడేవారు కాదు. మాట్లాడకపోతే ఊపిరి ఎలా ఉందో నాకు తెలియదని పోట్లాడాను. ఏం మాట్లాడమంటావన్నారు. ఏదైనా అన్నాను. దాంతో పక్క చేలల్లో ఏ పురుగు ఎంత ఉందో చెప్పడం మొదలుపెట్టారు. పత్తి గూడ రాలడం, మిరపకు ఆకుముడత, ఏ మందు కొడితే ఏం లాభం లేకపోయిందో, అన్నీ చెప్పేవారు. నాకు సగం అర్థమయ్యేది కాదు. నేను వాక్యం మధ్యలో ఎక్కడ ఆగుతున్నారో అది వింటుండేదాన్ని. కొన్నాళ్లకు పురుగులు అయిపోయాయి. చెడుగుడు సంగతులు వచ్చాయి. ఆ తర్వాత వాళ్ల నాన్న సంగతులు వచ్చాయి. నాన్న భుజం మీద కూర్చుని తిరనాళ్లకు వెళ్లానని, భుజం గరుగ్గా ఉండేదని చెప్పారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషి లోపల ఇన్ని మాటలున్నాయని నాకు తెలియదు. గుండెపోటు వచ్చినందుకు సంతోషించే ఆడది ఎక్కడా ఉండదు గానీ, ఆ కట్ట మీద కొన్ని ఉదయాలు నాకు చాలా సంతోషంగా ఉండేవి.

ఇంటి నుంచి బయల్దేరినప్పుడు ఆయన చెయ్యి మామూలుగా ఉండేది. తూము దాటాక మెల్లగా వెచ్చబడేది. ఇంకాస్త దూరం పోతే అరచేతిలో తడి, తడిలోపల వెచ్చదనం. "పడుతోంది" అనేవారు ఆయన భయంగా. "వెచ్చగానే ఉంది, పదండి" అనేదాన్ని. రోజూ ఇదే సంభాషణ. వానలు తగ్గి చేమంతులు పూసే రోజులకు ఆయన ఆ మాట అడగడం తగ్గించారు. నేను మాత్రం చెప్పడం మానలేదు.

డిసెంబరులో, మంచు బాగా పట్టిన ఒక ఉదయం, ఆయన చలిగా ఉందని పెరటి చావిట్లో మేకుకు తగిలించి ఉన్న పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని వచ్చారు. నేను పట్టించుకోలేదు. ఆ రోజు మంచి హుషారుగా నడుస్తున్నారు. చలికి వేగం కూడా పెంచారు. కట్ట చివరకు వచ్చేసరికి మాట ఆగిపోయింది. చూస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు.

"మంటగా ఉంది" అన్నారు. "ఛాతీ అంతా. మెడ కూడా. ఎడమ చెయ్యి లాగేస్తోంది మంట."

ఆయన అరచెయ్యి నా చేతిలోనే ఉంది. వెచ్చగా ఉంది. ఇన్ని నెలలుగా నేను చెప్పిన పాఠం ప్రకారం భయపడక్కర్లేదు. కానీ పాఠం వేరు, ఎడమ చెయ్యి మంట అన్న మాట వేరు. డాక్టరు గారు దగ్గరుంచుకోమన్న మాత్ర నాలుక కింద పెట్టి, కొంగుతో ఆయన మెడ, ఛాతీ తుడిచాను. అదే కొంగుతో నా కళ్లూ తుడుచుకున్నాను. కళ్లు భగ్గుమన్నాయి. ఏడుపేమో అనుకున్నాను. ఎదురొచ్చిన ఆటో ఆపి, రోడ్డెక్కి, అక్కడి నుంచి జీపులో గుంటూరు. ఇంటికి కబురు పంపలేదు. అత్తయ్యకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆసుపత్రిలో ఆ చొక్కా విప్పించి మంచం మీద పడుకోబెట్టారు. ఈసీజీ తీయడానికి వచ్చిన నర్సమ్మది మంగళగిరి. ఆవిడ ఛాతీ మీద ఒక బిళ్ల అంటించి తుమ్మింది. రెండోది అంటించి మళ్లీ తుమ్మింది. మూడోదానికి చెయ్యి దులుపుకుంటూ, "ఏంటండీ, ఈయన్ని ముట్టుకుంటే చెయ్యి ఇలా మండుతోంది" అంది. డాక్టరు గారు వచ్చి కాగితం పైకీ కిందికీ చూశారు.

"మంట ఎడమ చేతికేనా?"

మా ఆయన ఆలోచించారు. "రెండు చేతులకీ ఉందండి."

"వీపు?"

"వీపు కూడా మండుతోందండి."

డాక్టరు గారు ఆ చొక్కా తీసుకుని వాసన చూసి, గట్టిగా తుమ్మి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. ఆ చొక్కా కిందటేడు కళ్లంలో కాయలు గోతాలకు ఎత్తేటప్పుడు వేసుకున్నది. ఉతక్కుండా మేకుకు తగిలించింది. బట్టలో కారం అలాగే ఉంది. చలికి ఒళ్లు ముడుచుకుని ఉన్నంతసేపూ ఏమీ కాలేదు. నడిచి నడిచి వేడెక్కాక రక్తం చర్మం దాకా వచ్చింది, చెమట పట్టింది, ఆ తడికి బట్టలో కారమంతా ఒంటికి పట్టింది. మిరపలో పుట్టి మిరపలో పెరిగిన మా ముక్కులకు ఆ ఘాటు తెలియలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టామని నాకు సిగ్గుతో తల వంగిపోయింది.

డాక్టరు గారు నవ్వలేదు. రక్తం కూడా పరీక్షకు పంపి, సాయంత్రం దాకా పడుకోబెట్టి, మరోసారి ఈసీజీ తీయించారు. అప్పుడు మంచం పక్కన కూర్చుని మెల్లగా చెప్పారు. "రావడం మంచి పని చేశారు. మళ్లీ ఇలాంటిది వచ్చినా ఇలాగే రండి, చెయ్యి వెచ్చగా ఉందని ఇంట్లో కూర్చోవద్దు. కానీ ఒక మాట. ఇవాళ మీరు వేగంగా నడిచారు, భయపడ్డారు, గుంటూరు దాకా అదే భయంతో వచ్చారు. అంతసేపూ మీ గుండె పరుగెత్తే ఉంటుంది. అది తట్టుకుంది. నేను పెట్టగలిగే పరీక్ష ఇంతకంటే పెద్దది ఏమీ లేదు."

మా ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆటో వద్దన్నారు. బస్టాండు దాకా నడిచే వెళ్దామన్నారు. గుంటూరు రోడ్డు మీద, అంత జనంలో, ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు.

అత్తయ్యకు ఇంటికొచ్చాక జరిగినదంతా చెప్పాం. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. ఆ చొక్కా తీసుకెళ్లి నీళ్ల పొయ్యిలో పెట్టేసింది. కారపు చొక్కా కాలిస్తే ఏమవుతుందో ఆ క్షణంలో ఆవిడకు తట్టలేదు. వీధి వీధంతా దగ్గుకుంటూ బయటికి వచ్చింది. ఎవరింట్లో దిష్టి తీశారని అడిగారు. మా దగ్గర దిష్టి తీసినప్పుడు మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి బలంగా ఉన్నట్టు లెక్క. "ఇంత ఘాటొచ్చిందంటే మావాడికి దిష్టే లేదన్నమాట" అని అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

అయినా ఆవిడ విసనకర్ర వదల్లేదు. ఆయనలో భయం సడలిన కొద్దీ ఆవిడ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆయన చేను వైపు వెళ్లినా, చిన్న బస్తా జరిపినా, వెనకాలే వెళ్లి "చాల్లే, ఇంక రా నాయనా" అని పిలుచుకొచ్చేది. ఆవిడ పిలిస్తే ఆయన వచ్చేసేవారు. తండ్రి పోయాక రెక్కలు ముక్కలు చేసుకుని పెంచిన తల్లి. ఆవిడ మాట కాదనడం ఆయనకు చేతకాదు. చేను పాలికిచ్చే మాట ఇంకా తేలలేదు. వచ్చే ఏడు చేను తానే చేస్తానని ఆయన నాతో అనేవారు గానీ, తల్లి ముందు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. మా వాటాకి వచ్చిన కాయలు కళ్లంలో ఎండాయి. గుంటూరు మిర్చి యార్డుకు పంపడానికి గోతాలకు ఎత్తే రోజు నాకు సెలవు, అత్తయ్యా నేనూ అన్నం క్యారియర్లు పట్టుకుని వెళ్లాం. కాయలు గోతంలో పోసి, మనిషి లోపలికి దిగి కాళ్లతో తొక్కాలి. తొక్కితేగానీ బస్తా నిండదు. గట్టి పని. మేం వెళ్లేసరికి మా ఆయన గోతంలో ఉన్నారు. మూతికి తువ్వాలు, నెత్తిన ఎండ. రెండు చేతులతో గోతం అంచు పట్టుకుని ఒక్కొక్క కాలూ ఎత్తి తొక్కుతున్నారు. వేగం లేదు, కంగారు లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మెడ మీద నుంచి చెమట ధార కడుతోంది. మమ్మల్ని చూసి ఆయన కాళ్లు ఆగాయి. కూలీలు కూడా ఆగారు. వాళ్లందరికీ కిందటేడు గుర్తుంది.

అత్తయ్య క్యారియర్ కింద పెట్టింది. నేరుగా కొడుకు దగ్గరికి వెళ్లింది. ఇక దిగమంటుందని, ఈ ఏడూ ఇంతేనని నేను అనుకున్నాను. ఆవిడ కొంగు తీసి ఆయన మెడ తుడవలేదు. అరచెయ్యి ఆ తడి మెడ మీద ఆనించి, అలాగే ఉంచింది. చాలాసేపు. తర్వాత ఆయన చెయ్యి అందుకుని, నేను పట్టుకున్నట్టే పట్టుకుంది. రోజూ నేను ఆయన చెయ్యి ఎలా పట్టుకుంటున్నానో, ఎందుకు పట్టుకుంటున్నానో ఆవిడ గేటు దగ్గర నిలబడి చూస్తూ, వింటూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"వెచ్చగానే ఉన్నాడమ్మాయ్" అంది నా వైపు తిరిగి. కొడుకుతో, "నిలబడ్డావేం, తొక్కు. మెల్లగా తొక్కు" అంది.

ఆయన మళ్లీ తొక్కడం మొదలుపెట్టారు. ఆవిడ వచ్చి పాక నీడలో నా పక్కన కూర్చుంది. చేతికి అంటిన చెమట తుడుచుకోలేదు. ఆ చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని దానివంకే చూస్తోంది.

"మీ మావయ్య చల్లగా ఉన్నాడమ్మాయ్ ఆ రోజు" అంది. "ఎండన పడొచ్చాడు. ఒళ్లంతా చెమట. నుదురు పట్టుకు చూస్తే చల్లగా తగిలింది. అమ్మయ్య, చల్లబడ్డాడు, ఎండదెబ్బ కాదులే అనుకున్నా. నిద్రపోనీలే అని పిల్లల్ని గూడా ఆ పక్కకి పోనియ్యలా. నేనే విసురుతా కూర్చున్నా."

ఎండలో బతికే ఊళ్లో చల్లదనాన్ని ఎవరు అనుమానిస్తారు. మాకు చల్లనిదంతా మంచిదే. చలవ చేసే మజ్జిగ, చలవ చేసే సబ్జా గింజలు, చల్లగా ఉండమనే దీవెన. ఆవిడ అన్నేళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మోసింది.

"చల్లగుంటే చెడ్డదని అప్పుడు నాకు తెలిసుంటే, బతికేవాడా?" అంది.

ఆ రోజుల్లో మా ఊరికి బస్సు లేదు. ఎడ్లబండి మీద గుంటూరు వెళ్లాలంటే సగం రోజు. అయినా ఎవరు చెప్పగలరు. ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు, నాకూ తెలియదు.

"బతికేవారు కాదత్తయ్యా" అన్నాను. బళ్లో పాఠం చెప్పినంత గట్టిగా, ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. "ఏం చేసినా బతికేవారు కాదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. మెల్లగా తల ఊపి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, కొడుక్కి మంచినీళ్లు తీసుకెళ్లింది.